నల్లరంగు కింద తెలుపు

కెల్డర్ ఎర్ల్‌ని వంశపు సమాధిలో పడుకోబెట్టి ఇంకా నెల తిరగలేదు. ఆయన రెండో కొడుకు లయొనెల్ మాత్రం అప్పుడే లండన్ వెళ్ళి, ప్రభువుల సభకి వేసుకెళ్ళే ఎర్ర అంగరఖాకి దర్జీ చేత కొలతలు తీయించుకుని వచ్చాడు. పెద్దవాడు ఆంబ్రోజ్ ఇరవై రెండేళ్ళ కిందట విషజ్వరంతో పోయాడు. పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు, కనక బిరుదు లయొనెల్‌దే. ఇందులో అడ్డుపుల్ల వేసేవాళ్ళెవరూ లేరని అందరూ అనుకుంటూ ఉండగా, సరిగ్గా అంత్యక్రియల రోజున, కాలువ లాకు కాపలాదారు కూతురు సుసానా ట్రాంటర్ నల్లబట్టలతో వచ్చి వాళ్ళ భవంతి కెల్డర్ హాల్ మెట్ల మీద నిలబడింది. తాను ఆంబ్రోజ్ భార్యనంది.

ఆమెని నిలదీసింది ఆంబ్రోజ్ చెల్లెలు లేడీ హెస్టర్. పెళ్ళి ఎక్కడ జరిగిందని అడిగితే సుసానా ముందు హాక్లీ అంది, కాసేపాగి బ్రెంట్‌వెల్ అంది. "సొంత పెళ్ళి ఏ ఊళ్ళో అయిందో గుర్తులేని ఆడదాన్ని నేనింతవరకు చూడలేదు," అని హెస్టర్ ఆమె మొహం మీదే తలుపు వేయించింది.

ఇవాళ మధ్యాహ్నం లాయరు పిమ్ వస్తున్నాడు. ఆంబ్రోజ్ ప్రాణం పోతున్నప్పుడు మంచం దగ్గర ఉన్నది ఇద్దరే, తల్లీ హెస్టరూ. తల్లి మాట ఒక్కటే చాలదు, ఇంకో సాక్షి కావాలన్నారు ప్రభువుల సభవాళ్ళు. అన్న పెళ్ళి కాకుండానే పోయాడని హెస్టర్ బైబిల్ మీద చెయ్యి వేసి చెప్పి సంతకం పెడితే లయొనెల్ ఎర్ల్ అయిపోతాడు, సుసానా అబద్ధాలకోరుగా మిగిలిపోతుంది.

ప్రమాణం చెయ్యడానికి హెస్టర్‌కి అభ్యంతరమేమీ లేదు. ఆమె అనుమానమంతా సుసానా మీదే. ఆ మాటకొస్తే కెల్డర్ హాల్లో ఆమె అనుమానించని మనిషి లేడు. కింద వంటగదిలో చక్కెర డబ్బా మూత చప్పుడైతే మేడమీద ఆమెకి తెలుస్తుంది. పెళ్ళి చేసుకోకుండా, ఇంటి తాళాలన్నీ నడుముకి కట్టుకుని నలభయ్యో ఏటికి వస్తున్న మనిషికి ఆ మాత్రం ఉండదా మరి.

ఆ ఉదయం ఆమె చర్చికి వెళ్ళింది వేరే పని మీద. ఎర్ల్ ఇంట్లో ఎవరు పోయినా వాళ్ళ పేర ఒక శోకఫలకం చేయిస్తారు. పేకలో డైమన్ గుర్తులా మూల మీద నిలబడే పెద్ద చెక్క అది, మధ్యలో వంశచిహ్నం ఉంటుంది. ఏడాదిపాటు ఇంటి గుమ్మం మీద వేలాడి ఆ తరవాత చర్చి గోడకెక్కుతుంది. తండ్రి ఫలకానికి ఇప్పుడే మంచి చోటు చూసి పెట్టుకోవాలని ఆమె ఉద్దేశం. ఆలస్యమైతే లయొనెల్ తన ఇష్టమొచ్చిన చోట కొట్టిస్తాడని ఆమె భయం.

గోడ నిండా కెల్డర్లే. ఈ వంశంలో మొదటాయన యుద్ధంలో రాజుగారికి తన గుర్రాన్నిచ్చి, తాను నడిచి ఇంటికొచ్చి, ఎర్ల్ అయ్యాడు. మూడో ఆయన ఇంకో రాజుకి కోపం తెప్పించి తల పోగొట్టుకున్నాడు. తలతో పాటు బిరుదూ పోయింది. మనవడి కాలానికి బిరుదు తిరిగొచ్చింది, తల రాలేదు. ఆరో ఎర్ల్‌కి వరసగా ఆడపిల్లలే పుడితే వాళ్ళందర్నీ పక్కకి నెట్టి, ఎక్కడో కొవ్వొత్తులు అమ్ముకుంటున్న దూరపు దాయాదిని వెతికి పట్టుకొచ్చి, నువ్వే ఎర్ల్‌వి నాయనా అన్నారు. పాపం అతనికి ఆ సంగతి నమ్మకం కుదరడానికే ఏడాది పట్టిందట. నాలుగు వందల ఏళ్ళలో ఆ బిరుదు తాగుబోతులకి వెళ్ళింది, జూదగాళ్ళకి వెళ్ళింది, తనని తాను టీ కెటిలుననుకునే ఒక మహానుభావుడికి కూడా వెళ్ళింది గాని, ఆడదాని చేతికి ఒక్కసారీ వెళ్ళలేదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే మగవాళ్ళకి ఆ ఇంట్లో కరువు లేదు. ఆ చెట్టు కొమ్మ కొమ్మా తెలిసింది మాత్రం హెస్టర్‌కే. చిన్నప్పుడు తండ్రి ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని ఆ గోడనే పలకగా చేసి చదువు చెప్పాడు.

ఆ చదువు పెద్ద కష్టమేమీ కాదు. పోయినవాడికి పెళ్ళి కాకపోతే చిహ్నం చుట్టూ అంతా నలుపు పూస్తారు. భార్యని వదిలి పోతే భర్తవైపు సగం నలుపు, బతికున్న భార్యవైపు సగం తెలుపు. చిహ్నం పైన మూడు పళ్ళ దువ్వెనలాంటి పట్టీ ఉంటే పెద్దకొడుకు, నెలవంక ఉంటే రెండోవాడు, నక్షత్రం ఉంటే మూడోవాడు. ఆదివారం ప్రసంగం విసుగెత్తినప్పుడల్లా ఊళ్ళో జనం చూసేది ఆ గోడనే కనక చదువు రానివాళ్ళకి కూడా అది చదవడం వచ్చు.

ఆంబ్రోజ్ ఫలకం మూలన, చూరు కారే చోట ఉంది. దాన్ని పక్కకి జరిపితే తండ్రికి చోటొస్తుందని ఇద్దరు మనుషుల చేత కిందికి దింపించింది. దాన్ని గోడకి ఆనించి వాళ్ళు నిచ్చెన తీసుకుపోయాక ఆమె వంగి చూసింది. మూడు పళ్ళ పట్టీ అలాగే ఉంది. దానికి కుడిపక్క నలుపు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. దాని కింద తెలుపు కనిపిస్తోంది.

హెస్టర్‌కి మొదట వచ్చిన ఆలోచన ఒకటే. ఇది సుసానా పని. ఆ మనిషి రోజూ వచ్చి చర్చిలో కూర్చుంటోందని పాస్టరు గారి భార్య చెప్పనే చెప్పింది. ఎవరూ లేనప్పుడు నిచ్చెనెక్కి, కత్తితో గీకి, తెల్లరంగు పులిమి ఉంటుంది. ఎంతకు తెగించింది చూశావా అనుకుని హెస్టర్ చేతిసంచిలోంచి చిన్న కత్తెర తీసింది. దొంగని రంగుతో సహా పట్టుకుందామని చట్రం మేకులు వదులు చేసి, కుడిపక్క అంచు పట్టీని ఊడదీసింది.

చట్రం కింద, ఏ కత్తీ ఏ కుంచే చొరబడలేని చోట, పై మూల నుంచి కింది మూల దాకా తెల్లగా ఉంది. పాతదై పసుపు తిరిగిన తెలుపు అది. నలుపు చట్రం అంచు దాకా వచ్చి ఆగిపోయింది. అంటే మొదట తెల్లగా వేసి, చట్రం బిగించి, ఆ తరవాత ఎవరో పైన నలుపు పూశారు. ఆ నలుపు కూడా చిత్రకారుడు వాడేది కాదు. చిక్కగా నిగనిగలాడుతూ గుర్రపుబండికి వేసే రంగులా ఉంది.

ఆమె పక్కనున్న బల్ల మీద కూర్చుండిపోయింది. ఎదురుగా అన్న ఫలకం, సగం నలుపు, సగం తెలుపు. ఆంబ్రోజ్‌కి పెళ్ళయింది. తండ్రికి ఆ సంగతి తెలుసు. తెలిసి, ఉన్నదున్నట్టు వేయించాడు. మరి ఆయన వేయించిన రంగు మీద ఇంకో రంగు పూయించగలిగిన మనిషి కెల్డర్ హాల్లో ఒక్కతే ఉంది. తాను మొహం మీద తలుపు వేయించిన సుసానా గుర్తొచ్చి హెస్టర్‌కి సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే కోపం కూడా వచ్చింది.

*

హెస్టర్ తల్లి, పెద్ద కౌంటెస్, తన గదిలో కిటికీ పక్కన టీ తాగుతోంది. కప్పులోకి చూడకుండా తాగడం, ఒక్క చుక్క ఒలకకపోవడం ఆవిడ పద్ధతి. కాళ్ళ దగ్గర ముసలి పగ్ కుక్క కేకు ముక్క కోసం ఎదురుచూస్తోంది.

"ఆంబ్రోజ్ పలక దింపించానమ్మా," అంది హెస్టర్.

"ఎందుకూ?"

"చూరు కారి నలుపు ఊడిపోతోంది."

"దానికేముంది, బండ్లకి రంగేసేవాణ్ణి పంపిస్తే ఒక పూటలో పూసిపోతాడు."

"కిందటిసారి కూడా వాణ్ణే పంపించావా?"

ఆవిడ కప్పు కిందికి దించలేదు. కూతురి వైపు మాత్రం చూసింది. "ఏం మాట్లాడుతున్నావో తెలిసే మాట్లాడుతున్నావా?"

"చట్రం ఊడదీశాను. లోపల ఆ చివర్నుంచి ఈ చివరికి తెల్లగా ఉంది. నాన్న అన్నయ్యకి పెళ్ళయినవాడి పలక వేయించాడు. నువ్వు పెళ్ళికానివాడి పలకగా మార్చావు."

పెద్ద కౌంటెస్ కేకులోంచి చిన్న ముక్క తుంచి కుక్కకి వేసింది. "మీ నాన్నతో వచ్చిన చిక్కే అది," అంది చివరికి. "నోటితో ఎన్ని అబద్ధాలైనా ఆడేవాడు. పాస్టరుతో ఆడాడు, లాయరుతో ఆడాడు, నీతో ఆడాడు. రంగుతో ఆడమంటే మాత్రం చేతులు రాలేదు. పలక తయారై ఇంటికొచ్చాక చూశాను నేను. ఇంకో పూట ఆలస్యమైతే గుమ్మం మీద కొట్టించేసేవాడు, ఊరంతా చదివేది."

"అయితే నన్నివాళ బైబిల్ మీద చెయ్యి పెట్టి అబద్ధం చెప్పమన్నావన్నమాట."

"నీకు తెలియనంతసేపూ అది అబద్ధం కాదు. తెలుసుకోమని నిన్నెవరు అడిగారు?"

హెస్టర్‌కి నవ్వొచ్చినంత పనైంది. తల్లితో వాదనకి దిగితే ఎప్పుడూ ఇంతే, చివరికి తప్పు మనదే అవుతుంది. కాని అనుమానం ఆమెని వదల్లేదు. ఎక్కడో ఒక చోట లెక్క కుదరడం లేదు.

"ఒకటి చెప్పమ్మా. లాకు కాపలాదారు కూతుర్ని అన్నయ్య చేసుకున్నాడు. సరే, నీకు తలకొట్టేసినట్టయింది. కాని అన్నయ్య పోయాడు. పిల్లలు లేనప్పుడు బిరుదు లయొనెల్‌కే కదా వచ్చేది. ఆవిడకి మూలన ఒక కుర్చీ వేసి ఊరుకుంటే పోయేదానికి ఇరవై రెండేళ్ళు ఇంత దాపరికం ఎందుకు?"

"వాడు పోయాక కూడా దాని పీడ మనకెందుకని."

"వాడంటే?"

"ఎవడేమిటి, ఆంబ్రోజే. పిల్లవాడు కూడా పోయాక ఇక దానికీ మనకీ..." పెద్ద కౌంటెస్ ఆగింది.

"నేను పిల్లవాడి మాట ఎత్తలేదు," అంది హెస్టర్.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం కాదు ఆవిడ. ఇన్నేళ్ళలో నోరు జారడం ఇదే మొదలు కావచ్చు. వెంటనే సర్దుకుంది. "ఉన్నాడు. అదే జ్వరంతో వాడూ పోయాడు. ఇప్పుడేమంటావు?"

"ఎక్కడ పెట్టారు?"

"ఎక్కడో. నాకు గుర్తులేదు."

"మన సమాధిలో పురిట్లో పోయిన పసిగుడ్లకి కూడా పేరు చెక్కిన రాళ్ళున్నాయి. పెద్దకొడుక్కి పుట్టిన పెద్దకొడుకుని నాన్న ఎక్కడో కాలవగట్టున పాతిపెట్టి ఊరుకున్నాడంటే నన్ను నమ్మమంటావా? రంగుతో అబద్ధమాడలేనివాడు రాయితో ఆడతాడా?"

ఆ మాట నోట్లోంచి వస్తూ ఉండగానే ఆమెకి ఇంకో సంగతి గుర్తొచ్చింది. కిందటేడు చిన్న తమ్ముడు గిల్బర్ట్‌కి ఇరవై ఒకటి నిండినప్పుడు తండ్రి వాడికి ముద్ర ఉంగరం చేయించాడు. మూడో కొడుకు ఉంగరం మీద నక్షత్రం ఉండాలి. దాని మీద ఐదు పళ్ళ పట్టీ ఉంది. మూడు పళ్ళయితే పెద్దకొడుకు, ఐదు పళ్ళయితే పెద్దకొడుక్కి పుట్టిన పెద్దకొడుకు. అది చూసి హెస్టర్, చెక్కినవాడు తప్పు చేశాడు నాన్నా, మార్పిద్దామంది. ముసలాయన ఉంగరాన్ని గిల్బర్ట్ వేలికి తన చేత్తోనే తొడిగి, "చెక్కినవాడికి తన పని తెలుసులే," అన్నాడు. ముసలితనమనుకుని ఆమె ఊరుకుంది.

గిల్బర్ట్ పుట్టింది ఫ్రాన్సులో. ఆంబ్రోజ్ పోయిన దుఃఖంతో తల్లి ఆరోగ్యం చెడిందని, సముద్రపుగాలికని చలికాలమంతా అక్కడ ఉండి, వసంతకాలంలో బిడ్డతో తిరిగొచ్చింది. బత్తాయిపండులాంటి పిల్లాడు. పుట్టిన రెండు నెలలకే రెండు పళ్ళొచ్చాయని దాది ఊరంతా చెప్పుకు తిరిగింది. కెల్డర్ రక్తం అంటే మాటలా అని అందరూ మురిసిపోయారు. హెస్టర్ కూడా మురిసిపోయింది. చక్కెర డబ్బా మూత చప్పుడు పట్టుకోగలిగిన తాను రెండు నెలల పిల్లాడికి పళ్ళెలా వచ్చాయని ఒక్కనాడూ అడగలేదు. ప్రేమ ఉన్నచోట ఆమెకి అనుమానం పుట్టదు కాబోలు.

"గిల్బర్ట్," అంది.

పెద్ద కౌంటెస్ కప్పు కింద పెట్టింది. సాసరు మీద అది చప్పుడు చేసింది.

"వాణ్ణి పారేశానా?" అంది ఆవిడ. గొంతు పెద్దది చెయ్యలేదు. "నా కొడుకని చెప్పి పెంచాను. జ్వరమొస్తే నేను కూర్చున్నాను, దాదులు కాదు. చదువు చెప్పించాను, నేవీలో ఆఫీసరుని చేశాను. వాడికి నేనేం తక్కువ చేశాను? ఒక్క మెట్టు దించాను, అంతే కదా."

"ఆ మెట్టు కోసమే కదమ్మా ఈ ఇంట్లో నాలుగు వందల ఏళ్ళుగా ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నది. మరి ఆవిడకేం చెప్పావు?"

"ఒళ్ళు తెలియని జ్వరంలో పడుంది. పిల్లాడు పోయాడన్నాను. నమ్మింది."

తల్లి మీద హెస్టర్‌కి అసహ్యం వేసింది. అంత అసహ్యం ఆవిడ మీద తనకి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. "నేను సంతకం పెట్టను," అంది. "పిమ్ రాగానే అంతా చెబుతాను. గిల్బర్ట్ ఎర్ల్. వాడిది వాడికివ్వాల్సిందే."

"చెప్పు," అంది పెద్ద కౌంటెస్. "శుభ్రంగా చెప్పు. చెప్పేముందు ఒక్క సంగతి కనుక్కో. ముందు పిల్లాడు పుట్టాడా, ముందు పెళ్ళయిందా?"

హెస్టర్ చెయ్యి నడుముకున్న తాళాల మీదికి పోయింది.

"మీ నాన్న దగ్గర అంత చదువుకున్నావు, నీకు నేను చెప్పాలా? పెళ్ళికి ముందు పుట్టినవాడికి ఈ దేశంలో బిరుదు రాదు. తరవాత ఆ తల్లిదండ్రులు ఎన్నిసార్లు పెళ్ళి చేసుకున్నా రాదు. నువ్వు నోరు విప్పిన మరుక్షణం గిల్బర్ట్ నా కొడుకు కాకుండా పోతాడు. ఆ తరవాత ఎర్ల్ అయితే అవుతాడు. లేదా ఎవరికీ ఏమీ కాకుండా పోతాడు. ఇవాళ ఎర్ల్ తమ్ముడు, రేపు పేరు చెప్పుకోవడానికి తండ్రి లేనివాడు. ఆ నౌకలో వాడితో పాటు భోజనం చేసేవాళ్ళు ఏమంటారో ఊహించుకో."

"పెళ్ళయ్యాకే పుట్టుంటాడు. లేకపోతే నాన్న ఐదు పళ్ళ పట్టీ ఎందుకు వేయిస్తాడు?"

"మనవడి మీద మమకారం. ముసలాళ్ళు కోరుకున్నది చెక్కించుకుంటారు. అది రెండు ఊళ్ళ పేర్లెందుకు చెప్పిందనుకున్నావు? ఒక ఊళ్ళో కన్నది, ఇంకో ఊళ్ళో పెళ్ళాడింది. ఏది ముందో నువ్వు పట్టుకుంటావని తడబడింది."

"నువ్వు అబద్ధమాడుతున్నావు."

"ఆడుతున్నానేమో," అంది పెద్ద కౌంటెస్, కుక్కని ఒళ్ళోకి తీసుకుంటూ. "నీకు అనుమానాలెక్కువ కదా, పట్టుకో చూద్దాం."

హెస్టర్ ఆ మొహంలోకి ఎంతసేపు చూసినా ఏమీ దొరకలేదు.

*

లైబ్రరీలో పిమ్ కాగితం పరిచి, పక్కన బైబిల్ పెట్టి, ఇంకు సీసా మూత తీసి సిద్ధంగా ఉన్నాడు. లయొనెల్ చలిమంట పొయ్యి ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు. పెద్ద కౌంటెస్ వచ్చి భర్త కుర్చీలో కూర్చుంది.

"ఏమిటక్కా ఈ ఆలస్యం?" అన్నాడు లయొనెల్. "ఒక్క సంతకానికి ఇంత తతంగమా? ఆ దర్జీ బొచ్చు పట్టీలు ఎన్ని వరసలు కుట్టాలని అడుగుతున్నాడు. ఎర్ల్‌కి ఎన్నో వాడికి కూడా తెలుసు, నేను ఎర్ల్‌నో కాదో తెలిస్తే గాని కత్తెర పట్టనంటున్నాడు."

"కుట్టమను. చలికాలం, ఎలాగైనా పనికొస్తుంది," అంది హెస్టర్.

పిమ్ దగ్గాడు. కలం ఆమె ముందుకి జరిపాడు. ఆమె దాని వైపు చూస్తూ కూర్చుంది. సంతకం పెడితే గిల్బర్ట్‌కి దక్కాల్సినదాన్ని తన చేత్తో తానే దొంగిలించినట్టు. పెట్టకపోతే వాడికున్నది కూడా పోవచ్చు. తేల్చి చెప్పగలిగింది ప్రపంచంలో ఇద్దరే. ఒకరు నిజం చెప్పరు. ఇంకొకరి మొహాన తాను తలుపు వేయించింది. ఎలాగైనా ఇవాళ్టికి తప్పించుకుని, సుసానాని ఒంటరిగా కలిసి అడగాలనుకుంది. తలనొప్పి అందామని నోరు తెరిచేలోపు తలుపు తెరుచుకుంది.

గిల్బర్ట్ వచ్చాడు. నేవీ కోటు తడిసి ఉంది. రైలు దిగి నేరుగా వస్తున్నట్టున్నాడు. అతని మోచెయ్యి పట్టుకుని పక్కన సుసానా ట్రాంటర్ ఉంది.

"గేటు దగ్గర వానలో నిలబడ్డారీవిడ," అన్నాడు గిల్బర్ట్. "ఎంతసేపటి నుంచో మరి. కాపలావాడు లోపలికి పంపడం లేదు. మనింట్లో ఈ పద్ధతి ఎప్పట్నుంచక్కా? రండమ్మా, పొయ్యి దగ్గర కూర్చోండి."

"నీకు బుద్ధుందా?" అన్నాడు లయొనెల్. "ఆవిడెవరో తెలుసా నీకు?"

"తెలుసు, దారిలో చెప్పారు. అబద్ధమైతే పిమ్ గారు తేలుస్తారు. అందాకా తడవనక్కర్లేదు కదా."

పెద్ద కౌంటెస్ కుర్చీ చేతుల్ని పట్టుకుంది. సుసానా కూర్చోలేదు. గిల్బర్ట్ మోచేతి మీంచి చెయ్యి కూడా తీయలేదు. బట్టల్లోంచి నీళ్ళు తివాసీ మీద కారుతుంటే సంకోచంగా కాళ్ళు దగ్గరికి తీసుకుంది.

"నాకు బిరుదులూ అవీ ఎందుకు బాబూ," అంది పిమ్‌తో. "వాటి కోసం రాలేదు నేను. పెద్దాయన ఉన్నన్నాళ్ళూ గుమ్మం తొక్కనని మాటిచ్చాను, తొక్కలేదు. ఆయన పోయారు కనక వచ్చాను. ఆయన సమాధి తెరిచినప్పుడు లోపల చూద్దామని. మా బిడ్డ పేరు ఉంటుందేమోనని. చర్చిలో కూడా రోజూ వెతుకుతున్నాను, గోడలు, నేల, అంతా. ఎక్కడా లేదు. వాణ్ణి ఎక్కడ పెట్టారో చెబితే వెళ్ళిపోతాను."

హెస్టర్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఇన్నాళ్ళూ ఈవిడ బిరుదు కోసం వచ్చిందని, చర్చిలో కూర్చుని దొంగ ఎత్తులు వేస్తోందని తాను అనుమానించింది. ఈవిడ కొడుకు సమాధి కోసం వెతుక్కుంటోంది. వెతుక్కుంటూ వచ్చి ఆ కొడుకు చెయ్యే పట్టుకుని నిలబడింది.

"బిడ్డా?" అన్నాడు లయొనెల్. "ఏ బిడ్డ? ఎవరి బిడ్డ? అమ్మా, ఏమిటిది?"

పిమ్ మాత్రం కళ్ళజోడు సవరించుకున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా పెద్ద ఇళ్ళ గుట్లు మోసిన మనిషి. అలాంటివాడికి ఇలాంటిచోట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే ఉంటుంది.

"మగపిల్లవాడా అమ్మా?"

"అవును బాబూ."

"వాడు పుట్టేనాటికి మీకు పెళ్ళయిందా, కాలేదా? తొందరేం లేదు, ఆలోచించుకుని చెప్పండి."

"ఆలోచించేదేముంది బాబూ, వాడు పుట్టేసరికి..."

"చెప్పకు," అంది హెస్టర్.

ఎప్పుడు లేచి నిలబడిందో ఆమెకే తెలియదు. కుర్చీ వెనక్కి పడిపోయింది. 'పెళ్ళికి ముందే' అన్న మాట ఒక్కసారి లాయరు చెవిన పడితే గిల్బర్ట్‌ని ఇక ఎవరూ కాపాడలేరనిపించింది. అందరూ తన వైపే చూస్తున్నారు. తల్లి మొహంలో మాత్రం ఆశ్చర్యం లేదు. ఆవిడ ఎదురుచూస్తున్నది దీనికోసమే. అది చూసి కూడా హెస్టర్ ఆగలేకపోయింది.

"పిమ్ గారూ, ఆ కాగితం ఇటివ్వండి. సంతకం పెడతాను. మా అన్నయ్యకి పెళ్ళి కాలేదు. ఈవిడ చెప్పేది వినాల్సిన పని లేదు, బయటికి పంపించండి."

బైబిల్ మీద చెయ్యి వేసింది. కలం అందుకోబోతుంటే గిల్బర్ట్ బల్ల దగ్గరికి వచ్చి, నెమ్మదిగా, చనువుగా ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"అక్కా, ఏమైంది నీకు?" అన్నాడు. "ఎన్నడూ ఒక్క అబద్ధం ఆడని మనిషివి. ఆవిణ్ణి చెప్పనీ. ఎప్పుడో పోయిన పిల్లాడు, పెళ్ళికి ముందు పుడితేనేం, తరవాత పుడితేనేం? ఇప్పుడు నష్టమెవరికి?"

హెస్టర్ అతని మొహంలోకి చూసింది. 'నీకే' అన్న మాట నాలుక చివర ఆగిపోయింది.

సుసానా లాయరు వైపు నుంచి గిల్బర్ట్ వైపు తిరిగింది. "నష్టమెవరికో నాకు తెలీదు నాయనా," అంది. "ఇంతమందిలో మర్యాదగా అడిగినవాడివి నువ్వొక్కడివే. నీకే చెబుతాను, విను."